ఆట కూడా పనేనా?

ఈసారి గోడపత్రికలో నేను ఆటల గురించి రాస్తున్నాను. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అని కాదు. ఆడేవాళ్లకు దెబ్బ తగిలితే ఎవరు చూడాలి అని.

మా నాయన చేపల చెరువు మీద కాపలా ఉంటాడు. మా అన్న కూడా అక్కడే పని చేస్తాడు. అన్న కబడ్డీ బాగా ఆడతాడు. నిరుడు సంక్రాంతికి జంక్షన్ దగ్గర ఒక ఊరి జట్టు వాళ్లు డబ్బులిస్తాం రమ్మని పిలిచారు. రెండో ఆటలో మోకాలు తిరిగింది. రెండు నెలలు మంచం మీదే ఉన్నాడు. ఆస్పత్రి ఖర్చు అడిగితే "నీ ఇష్టంతో ఆడావు, మేమేమైనా పనికి పెట్టుకున్నామా?" అన్నారు. మా అమ్మ ఒకటే మాట అన్నది: "వరి కోతకు పిలిచినోళ్లయినా చెయ్యి తెగితే గుడ్డ కట్టి, కూలి ఇచ్చి పంపుతారు." ఆ మాట నా మనసులో ఉండిపోయింది. సోషల్ టీచర్ గారిని అడిగి తెలుసుకున్నవి రాస్తున్నాను.

1. పనివాడు అంటే ఎవరు?

నెల జీతం ఉంటేనే పనివాడు అనుకుంటాం. అది తప్పు. సౌరాష్ట్రలో ధ్రాంగధ్రా కెమికల్ వర్క్స్ అనే కంపెనీకి అగరియాలు ఉప్పు పండించేవారు. వాళ్లకు జీతం లేదు, ఎంత ఉప్పు తీస్తే అంత డబ్బు. వీళ్లు మా పనివాళ్లు కాదని కంపెనీ వాదించింది. పనివాళ్లే అని 1956లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎందుకంటే ఏం పని చేయాలో మాత్రమే కాదు, ఎలా చేయాలో కూడా చెప్పే అధికారం కంపెనీ చేతిలో ఉంది.

ఇప్పుడు ఆటగాడిని చూడండి. ఎప్పుడు లేవాలి, ఎంత పరుగెత్తాలి, ఏ మూల నిలబడాలి అన్నీ జట్టువాళ్లే చెప్తారు. మరి అది పని కాదా?

2. ఒప్పందం వేరు, ఉద్యోగం వేరు

ప్రో కబడ్డీ 2014లో మొదలైంది. తెలుగు టైటాన్స్ మొదటి నుంచీ ఉన్న జట్టు. అక్కడ ఆటగాళ్లను వేలంలో కొంటారు. 2022లో పవన్ సెహ్రావత్ ను తమిళ్ తలైవాస్ 2 కోట్ల 26 లక్షలకు తీసుకుంది. మొదటి ఆటలోనే మోకాలికి దెబ్బ తగిలి ఆ సీజనంతా ఆడలేదు. ఆయన పెద్ద ఆటగాడు కాబట్టి తర్వాత 2023లో తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షల 50 వేలకు తీసుకుంది. పేరు లేని కుర్రాడికి అదే దెబ్బ తగిలితే మళ్లీ ఎవరు పిలుస్తారు?

ఇంకో రకం ఉద్యోగం. చదరంగం ఆడే కోనేరు హంపి గారు మన పక్కనే గుడివాడలో పుట్టారు. 2002లో 15 ఏళ్లకే గ్రాండ్ మాస్టర్ అయ్యారు. 2006లో ఓఎన్‌జీసీలో ఉద్యోగంలో చేరారు. 2017లో పాప పుట్టింది, కొంతకాలం ఆట ఆపారు. మళ్లీ వచ్చి 2019లో, 2024లో ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయ్యారు. ఉద్యోగం చేసే ఆడవాళ్లకు జీతంతో ప్రసూతి సెలవు చట్టంలో ఉంది. 2017లో దాన్ని 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. ఉద్యోగం లేకుండా ఆడే ఆడపిల్లకు ఆ సెలవు ఎవరిస్తారు?

3. బయటి దేశాల్లో

బెల్జియంలో బోస్మన్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు ఉన్నాడు. 1990లో అతని ఒప్పందం అయిపోయింది. ఫ్రాన్సులో వేరే జట్టుకు పోతానంటే పాత జట్టు డబ్బు కోసం అడ్డుపడింది. ఆటగాడు గొడ్డు కాదు కదా, పలుపుతాడు పట్టుకోవడానికి! అతను కోర్టుకు వెళ్లాడు. ఒప్పందం అయిపోయాక అలా అడ్డుపడకూడదని 1995 డిసెంబరు 15న యూరప్ కోర్టు తీర్పు ఇచ్చింది. ఆటగాడు కూడా పనివాడే, అతనికి హక్కులున్నాయని అందరికీ తెలిసింది. 2021 నుంచి ఫిఫా కూడా ఆడపిల్లలైన ఫుట్‌బాల్ ఉద్యోగులకు కనీసం 14 వారాల ప్రసూతి సెలవు ఇవ్వాలని నియమం పెట్టింది.

4. ఆడే ముందు అడగవలసినవి

డబ్బులెంత, ఎప్పుడిస్తారు? దెబ్బ తగిలితే ఆస్పత్రి ఖర్చు ఎవరిది? ఆడలేని రోజులకు ఏమిస్తారు? ఇవన్నీ కాగితం మీద రాయించుకోవాలి. చదవడం రాకపోతే చదివినవాళ్లతో చదివించుకోవాలి. మా ఇంట్లో చదివేది నేనొక్కదాన్నే కాబట్టి అది నా పని.

ఈ సంక్రాంతికి అన్నను మళ్లీ పిలవడానికి వచ్చారు. నేను చెప్పినట్టే అన్న అడిగాడు. "కనుక్కొని చెప్తాం" అని వెళ్లి మళ్లీ రాలేదు. ఇంకో అబ్బాయిని పిలుచుకున్నారు. అన్న ఆ రోజు అన్నం తినలేదు. నావల్లే అని ఏడ్చాను. తర్వాత ఆలోచించాను. ఒక్కడు అడిగితే వేరేవాణ్ణి పిలుస్తారు. ఆడేవాళ్లందరూ ఒకే మాట అడిగితే ఎవరిని పిలుస్తారు?

మన హాస్టల్లో కబడ్డీ ఆడే అక్కలు దీని కింద మీ జవాబు రాయండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని