టామ్‌క్యాట్ మేనేజర్‌లో 403 వస్తోందా? తాళం పీకేయకుండా ఫోన్ నుంచే లోపలికి వెళ్లడం ఇలా

బీటెక్ ప్రాజెక్ట్ కోసం జావాలో ఒక వెబ్‌సైట్ చేసి క్లౌడ్ సర్వర్‌లో పెట్టారనుకుందాం. సైట్ బాగానే ఓపెన్ అవుతోంది. కానీ టామ్‌క్యాట్ హోమ్‌పేజీలో మేనేజర్ యాప్ బటన్ నొక్కగానే 403, యాక్సెస్ డినైడ్ అని వస్తుంది. నెట్‌లో వెతికితే ఎక్కువగా కనిపించే సలహా ఒకటే: ఫలానా ఫైల్లో ఆ వాల్వ్ లైన్ తీసేయండి, పనైపోతుంది. నిజంగానే పనైపోతుంది. కాకపోతే ఆ పేజీ మీతో పాటు ఊళ్లో అందరికీ తెరుచుకుంటుంది. ఆ లైన్ ముట్టుకోకుండా పని ఎలా చేసుకోవాలో ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

అడ్మిన్ కన్సోల్ ఎందుకు వేరు?

మన దగ్గరి ఉదాహరణే తీసుకుందాం. 2002లో, ఏలూరు కేంద్రంగా ఉన్న అప్పటి పశ్చిమగోదావరి జిల్లాలో రూరల్ ఈ-సేవ సెంటర్లు మొదలయ్యాయి. స్వయం సహాయక సంఘాల మహిళలు వాటిని నడిపారు. ఇలాంటి ఏ వెబ్ సర్వీస్‌లో అయినా సెంటర్లో కూర్చున్నవారికి కావాల్సింది సర్వీస్ పేజీ మాత్రమే. వెనకాల సర్వర్‌ని ఆపడం, కొత్త వెర్షన్ ఎక్కించడం వేరే మనిషి పని. దానికి వేరే తలుపు ఉండాలి.

కొల్లేరు వైపు చేపల చెరువులు చూశారుగా! గట్టు మీద ఎవరైనా నడుస్తారు. తూము పలక ఎత్తేది మాత్రం చెరువు తాలూకు మనిషే. అడ్మిన్ కన్సోల్ ఆ తూము లాంటిది. టామ్‌క్యాట్ మేనేజర్‌లో వార్ ఫైల్ అప్‌లోడ్ చేశామంటే మన కోడ్‌ని ఆ సర్వర్‌లో రన్ చేసినట్టే. వేరేవాళ్లకి లాగిన్ దొరికితే వాళ్ల కోడ్ కూడా అలాగే రన్ అవుతుంది.

ఏ సర్వర్‌కి ఏ పోర్ట్?

డిఫాల్ట్‌గా ఉండేవి ఇవి:

- టామ్‌క్యాట్: 8080 (సైట్, మేనేజర్ రెండూ ఇక్కడే)
- వైల్డ్‌ఫ్లై: 9990
- వెబ్‌లాజిక్: 7001
- గ్లాస్‌ఫిష్: 4848
- వెబ్‌స్ఫియర్: 9043

ఈ నంబర్లు అందరికీ తెలిసినవే. ఇంటర్నెట్ మొత్తం స్కాన్ చేసే బాట్‌లకు కూడా తెలుసు. 2020 అక్టోబర్‌లో ఒరాకిల్ వెబ్‌లాజిక్ కన్సోల్‌లోని ఒక లోపానికి ప్యాచ్ ఇచ్చింది. దాని నంబర్ సీవీఈ-2020-14882, తీవ్రత 10కి 9.8. పాస్‌వర్డ్ లేకుండానే సర్వర్‌ని చేతిలోకి తీసుకోవచ్చు. అంటే పాస్‌వర్డ్ గట్టిదైతే చాలు అనుకోవడానికి లేదు. అసలు ఆ పేజీ బయటివాళ్లకు అందకూడదు.

401, 403: తేడా తెలిస్తే సగం పని అయినట్టే

401 వస్తే యూజర్‌నేమ్ లేదా పాస్‌వర్డ్ తప్పు. టామ్‌క్యాట్‌లో మొదట అసలు మేనేజర్ యూజరే ఉండడు. కాన్ఫ్ ఫోల్డర్‌లోని టామ్‌క్యాట్-యూజర్స్ ఫైల్లో మనమే రాసి, మేనేజర్-జీయూఐ అనే రోల్ ఇవ్వాలి. అదే యూజర్‌కి మేనేజర్-స్క్రిప్ట్ రోల్ కూడా ఇవ్వకండి, ఆ రెండూ వేర్వేరు యూజర్లకు ఉండాలి. వరసగా ఐదుసార్లు తప్పు కొడితే ఆ యూజర్ 5 నిమిషాలు లాక్ అవుతాడు. కంగారు పడకుండా ఆగండి.

403 వస్తే రెండు కారణాలు చూడాలి. యూజర్‌కి సరైన రోల్ లేకపోవడం ఒకటి. మీరు సర్వర్ బయటి నుంచి రావడం రెండోది. అదే మెషీన్ నుంచి, అంటే లోకల్‌హోస్ట్ నుంచి వచ్చేవాళ్లనే ఆ వాల్వ్ లోపలికి పంపుతుంది. కాబట్టి మనమే లోకల్‌హోస్ట్ నుంచి వెళ్దాం.

ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్, ఫోన్‌లోనే

"ఫైర్‌వాల్‌లో నా ఐపీకి మాత్రమే 8080 ఓపెన్ చేస్తే సరిపోదా?" అని అడగొచ్చు. తాడేపల్లిగూడెం హాస్టల్లో మొబైల్ డేటా మీద ఉన్నవాళ్లకి ఐపీ మాటిమాటికీ మారుతుంది. పైగా అదే ఐపీని ఇంకా చాలామంది పంచుకుంటారు. టన్నెల్‌కి ఆ గొడవ లేదు.

1. ఎఫ్-డ్రాయిడ్ నుంచి టెర్మక్స్ ఇన్‌స్టాల్ చేసి, అందులో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ప్యాకేజీ వేసుకోండి.
2. క్లౌడ్ ఫైర్‌వాల్‌లో 8080 మూసేయండి. సర్వర్‌లో పాస్‌వర్డ్ లాగిన్ ఆపేసి, 22వ పోర్ట్‌లో కీ ఉన్నవాళ్లనే రానివ్వండి.
3. ఎస్‌ఎస్‌హెచ్ కమాండ్‌లో హైఫన్, పెద్ద ఎల్ ఇచ్చి, 8080:లోకల్‌హోస్ట్:8080 అని రాసి, తర్వాత మామూలుగానే మీ యూజర్‌నేమ్, సర్వర్ ఐపీ ఇవ్వండి.
4. ఫోన్‌లోని క్రోమ్‌లో లోకల్‌హోస్ట్:8080 ఓపెన్ చేయండి.

ఇప్పుడు సర్వర్ హైదరాబాద్ రీజియన్‌లో ఉన్నా, టామ్‌క్యాట్‌కి మీరు పక్కనే కూర్చున్నట్టు కనిపిస్తారు. మేనేజర్ పాస్‌వర్డ్ కూడా ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తుంది. స్క్రీన్ ఆఫ్ అయితే టన్నెల్ తెగిపోతోందా? టెర్మక్స్ నోటిఫికేషన్‌లో వేక్‌లాక్ ఆన్ చేయండి. వైల్డ్‌ఫ్లైకి అయితే 8080 బదులు 9990 పెట్టండి, మిగతాదంతా ఇంతే.

ఎంజినెక్స్ వాడేవాళ్లు జాగ్రత్త

8080 మూసేశాక సైట్ అందరికీ కనిపించాలంటే ముందు ఎంజినెక్స్ పెట్టి 443లో ఇస్తాం. ఇక్కడే ఒక మెలిక ఉంది. ఎంజినెక్స్ అదే మెషీన్‌లో ఉంటే, బయటి నుంచి వచ్చే ప్రతి రిక్వెస్ట్ టామ్‌క్యాట్‌కి లోకల్‌హోస్ట్ నుంచి వచ్చినట్టే కనిపిస్తుంది. వాల్వ్ ఎవర్నీ ఆపదు. ఆ లైన్ ఫైల్లో ఉన్నా లేనట్టే! అందుకే ఎంజినెక్స్‌లో మీ యాప్ పాత్ ఒక్కటే టామ్‌క్యాట్‌కి పంపండి. మేనేజర్, హోస్ట్-మేనేజర్ పాత్‌లను బ్లాక్ చేయండి.

చివరి టెస్ట్

టెర్మక్స్ మూసేసి, మొబైల్ డేటా మీద రెండు చూడండి. ఒకటి, సర్వర్ ఐపీ పక్కన 8080 కొట్టండి. రెండు, మీ సైట్ అడ్రస్ చివర మేనేజర్ పాత్ కొట్టండి. మొదటిది ఎంతసేపైనా లోడ్ కాకూడదు, రెండోదానికి లాగిన్ బాక్స్ రాకూడదు. రెండూ అలాగే ఉంటే మీ ప్రాజెక్ట్ లింక్ నిశ్చింతగా రెజ్యూమెలో పెట్టుకోవచ్చు. లాగిన్ బాక్స్ కనిపించిందంటే మాత్రం లింక్ ఎవరికీ పంపకుండా ముందు ఆ పాత్ మూసేయండి.