బాలల బొమ్మలు – బుద్ధి వికాసం

పలక, బలపం చేతికిచ్చి మనిషి బొమ్మ వేయమంటే నాలుగేళ్ల పిల్ల ఒక పెద్ద సున్న చుట్టి, లోపల రెండు చుక్కలు పెట్టి, ఆ సున్న నుండే రెండు కాళ్లు దింపుతుంది. మెడ లేదు, మొండెం లేదు. చూచిన పెద్దలు నవ్వి, బలపం తీసికొని పొట్టా చేతులూ దిద్దిపెడతారు. సదుద్దేశంతోనే జరిగే ఈ దిద్దుబాటు వలన పసిబుద్ధికి మేలు కంటె కీడే ఎక్కువని మా అభిప్రాయం.

ఫ్రెంచి విద్వాంసుడు లూకె 1927లో ప్రకటించిన గ్రంథంలో బాలల చిత్రరచన సాగే క్రమాన్ని విశదీకరించారు. మొదట ఊరక గీసిన గీతలో ఏదో పోలిక తోచి, బిడ్డ దానికి పేరు పెడుతుంది. పిదప తలచుకొని గీస్తుంది గాని అవయవాలకు పొందిక కుదరదు. ఆపైన తనకు తెలిసినదంతా గీస్తుంది. కంటికి కనబడినట్లు గీయడం ఎనిమిది, తొమ్మిదేళ్ల ప్రాయంలో గాని అలవడదు. తెలిసినదంతా గీసే దశలో ఇల్లు వేస్తే గోడగుండా లోపలి మంచమూ పొయ్యీ కనబడతాయి. ప్రక్కనుండి చూచిన బండికైనా చక్రాలన్నీ ఉండి తీరవలసిందే!

ఫ్రీమన్, జానికౌన్ అనే పరిశోధకులు 1972లో వెలువరించిన ఒక ప్రయోగం ఈ సందర్భంలో స్మరణీయం. వారు ఒక కప్పును, పిడి వెనుకకు మరుగయ్యేట్లు, మీది పువ్వు ఎదుట కనబడేట్లు త్రిప్పి, పిల్లలను గీయమన్నారు. చిన్న పిల్లలు కనబడని పిడిని గీసి, కనబడే పువ్వును విడిచిపెట్టారు. ఎనిమిదేళ్లు వచ్చినవారు పిడిని మానివేశారు. పిడి లేనిది కప్పెట్లా అవుతుందన్న చిన్నవారి తర్కంలో మాకు దోషం కనబడదు. అది వారికి కప్పును గూర్చి తెలిసిన జ్ఞానం. దానిని తుడిచివేసి మన బొమ్మను పైన వేస్తే, ఆ బిడ్డ ఎట్లా ఆలోచిస్తున్నదో తెలిపే సాక్ష్యమే పోతుంది.

పియాజే, ఇన్‌హెల్డర్‌లు 1948లో ప్రకటించిన గ్రంథం మరొక విశేషం చెబుతుంది. మూడున్నర, నాలుగేళ్ల పిల్లలు చతురస్రాన్నీ వృత్తాన్నీ ఒకే విధమైన సున్నగా గీస్తారు. కాని పెద్ద ఆకారానికి లోపల ఉన్న చిన్న చుక్కను లోపలే, వెలుపల ఉన్నదానిని వెలుపలే ఉంచుతారు. లోపల–వెలుపల, తెరచినది–మూసినది అనే సంబంధాలు ముందు తెలుస్తాయి. కోణాలు, కొలతలు తరువాత వస్తాయి.

రెండు లిపులు కలిసి మెలగే మన కళాశాలలో దీని ప్రాధాన్యం వేరుగా చెప్పనక్కరలేదు. ఉర్దూలో బే, పే, తే అక్షరాల రూపం ఒక్కటే. బేకు క్రింద ఒక చుక్క, పేకు క్రింద మూడు, తేకు పైన రెండు. తెలుగులో పకారానికి అడుగున చిన్న గీత చేరితే ఫకారం. పైన, క్రింద అనే భేదాన్ని వ్రేళ్లు ముందుగా బొమ్మలలో ఎరిగి ఉంటే అక్షరం పరాయిది కాదు. బొమ్మనుండి వ్రాతకు దారి ఉన్నదని రష్యన్ మనస్తత్త్వవేత్త వైగాట్‌స్కీ కూడ ప్రతిపాదించారు. వస్తువులనే కాక మాటలను సైతం గీయవచ్చునని బిడ్డ గ్రహించడమే వ్రాతకు నాంది అని ఆయన భావం. ముగ్గు చుక్కలు లెక్కబెట్టే పిల్లకూ, అరచేతిలో గోరింట తీగను వేలితో అనుసరించే పిల్లకూ ఈ శిక్షణ ఇంటిలోనే కొంత లభిస్తున్నది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. అమెరికాలో గుడెనఫ్ 1926లో మనిషి బొమ్మ ఆధారంగా పిల్లల బుద్ధిని కొలిచే పరీక్షను రూపొందించారు. అందం చూడరు, ఏయే అవయవాలు వేశారో, ఎట్లా కలిపారో లెక్కిస్తారు. సంస్కృతితో నిమిత్తం లేని పరీక్షకై వెదకడం భ్రమ అని 1950లో హారిస్‌తో కలిసి ఆమెయే అంగీకరించారు. ఇంట పెన్సిలు ఎరుగని కూలివారి బిడ్డను, రంగుల పెట్టెతో పెరిగిన బిడ్డను ఒకే బొమ్మతో తూచి, మొదటి బిడ్డను మందబుద్ధి అనడం అన్యాయం. మన విద్యార్థులలో రేపు ఉపాధ్యాయులు కాగలవారు దీనిని మరువరాదు.

ఖర్చుకు జంకనక్కరలేదు. సుద్దముక్క, బండపరుపు చాలు. కాగితం దొరికిన నాడు బిడ్డ గీసినదానిని దిద్దక, ఇదేమిటని అడిగి, చెప్పిన మాటను ఆ బిడ్డ పలికినట్లే, తెలుగైతే తెలుగులో, ఉర్దూ అయితే ఉర్దూలో, బొమ్మ క్రింద వ్రాసి తేదీ వేయాలి. ఏడాది తరువాత ఆ కాగితాలను వరుసగా పరిస్తే, సున్ననుండి దిగిన కాళ్లు మొండెం క్రిందికి ఎప్పుడు మారాయో తేదీతో సహా కనబడుతుంది.