నాలుగు తెరలు, ఒక్క గుంజ



పోయిన ఆదివారం విహార్‌లో త్రిశరణ పంచశీల చెప్పుకుంటున్నాం. నాలుగో శీలం దగ్గరికి వచ్చాం. నోరు అబద్ధమాడనని పలుకుతోంది. చెయ్యి మాత్రం ఒళ్లో ఉన్న ఫోన్ మీద ఉంది. నాకు తెలియకుండానే బొటనవేలు వాట్సాప్ తెరిచేసింది. పక్కన కూర్చున్న పెద్దమ్మ ఒకామె నా ముఖం వంక చూడలేదు, నా చెయ్యి వంక చూసింది. ఏమీ అనలేదు. ఈ పాఠం ఆ చూపు వల్ల రాస్తున్నది.

ముందు నా సంగతి చెబుతాను. నా వాట్సాప్ నాలుగు చోట్ల తెరిచి ఉండేది. జేబులో ఫోన్, ఇంట్లో ల్యాప్‌టాప్, సంఘం ఆఫీసులో పాత కంప్యూటర్, మా పాప పాఠాలు చూసుకునే ట్యాబ్. ఇంట్లో ఉన్నా ఆఫీసులో ఉన్నా ఒక్క మెసేజ్ కూడా తప్పిపోకూడదని నా ఆరాటం. ఎక్కడ కూర్చున్నా అక్కడొక తెర వెలుగుతూ ఉండాలి.

ఇది కొత్త జబ్బేమీ కాదట. నేను బి.ఏ. చదివినవాణ్ణి, కంప్యూటర్ విద్య నాకు రాదు. మా విహార్‌కి వచ్చే ఇంజినీర్ తమ్ముడు చెప్పాడు. 1988లో ఫిన్లాండ్ దేశంలో యార్కో ఓయికరినెన్ అనే ఆయన ఐఆర్‌సీ అనే చాట్ తయారు చేశాడు. అందులో మనం లేనప్పుడు ఇతరులు మాట్లాడుకున్నది మనకు కనిపించేది కాదు. అందుకని కొందరు ఎప్పుడూ ఆగని కంప్యూటర్ ఒకదాన్ని తమ బదులు అందులో కూర్చోబెట్టి, ఇంటి నుంచి ఒకసారి, ఆఫీసు నుంచి ఒకసారి దానిలోకి వెళ్లి చూసుకునేవాళ్లట. మనిషి నిద్రపోయినా అతని పేరు మాత్రం చాట్‌లో మేలుకొనే ఉంటుంది. మా కాలానికి యాహూ మెసెంజర్ వచ్చింది. ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి కూర్చునేవాళ్లం. వేరే కంప్యూటర్‌లో తెరిస్తే మొదటి దాంట్లోంచి తోసేసేది. ఒక మనిషికి ఒకటే కుర్చీ. ఇప్పుడు ఆలోచిస్తే అది మంచి పద్ధతే అనిపిస్తుంది.

2015లో వాట్సాప్ కంప్యూటర్‌లోకి వచ్చినప్పుడు కూడా ఫోన్‌లో నెట్ ఉంటేనే అది నడిచేది. 2021 నుంచి ఆ కట్టు పోయింది. ఫోన్ కాక ఇంకో నాలుగు చోట్ల తగిలించుకోవచ్చు, ఫోన్ ఆఫ్‌లో ఉన్నా అవి నడుస్తాయి. ఒక సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. కంప్యూటర్‌లో ఆ పేజీ మూసేసినంత మాత్రాన అది తెగిపోదు. లాగ్ అవుట్ నొక్కితేనే తెగుతుంది. ఈ చిన్న విషయం తెలియకే నేను ఒక మనిషికి అన్యాయం చేశాను.

ఆ సంగతి చెప్పే ముందు ఒక మాట. ఫోన్ పక్కన పడేయండి, ధ్యానం చేసుకోండి అని ఉపదేశం చెప్పడం తేలిక. మన బతుకులు అట్లా లేవు. 2018 మార్చి 20న ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని నీరుగార్చే తీర్పు సుప్రీంకోర్టు నుంచి వచ్చింది. పదమూడు రోజుల్లో, ఏప్రిల్ 2న, దేశంలో చాలా చోట్ల బంద్ జరిగింది. పెద్ద పార్టీ ఏదీ ముందుండి నడిపించింది కాదు. ఆ పిలుపు చాలా మటుకు ఫోన్ల మీదే ఊరూరికీ పోయింది. బాబాసాహెబ్ 1920లో మూక్‌నాయక్ పత్రిక పెట్టారంటే, మన మాట వేసే పత్రిక అప్పుడు లేకపోబట్టే కదా. మన చేతికి దొరికిన సాధనాన్ని వదులుకోమని నేను చెప్పను. అర్ధరాత్రి ఏదో ఊళ్లో మనవాళ్ల ఇంటి మీద పడితే ఆ కబురు నాకు అందాలి. అందుకే నాలుగు తెరలు పెట్టుకున్నాను. ఉద్దేశం మంచిదే.

ఇప్పుడు జరిగింది చెబుతాను. ఊరు పేరు, మనుషుల పేర్లు చెప్పను.

ఒక చెల్లెలు మా దగ్గరికి వచ్చింది. ఊళ్లో ఒక పెద్దమనిషి కులం పేరు పెట్టి తిట్టి, చెయ్యి చేసుకున్నాడు. ఇద్దరు సాక్షులున్నారు. మేం నలుగురం ఒక చిన్న గ్రూపు పెట్టుకుని, ఫిర్యాదు రాసి, దిద్ది, సాక్షుల పేర్లు, దెబ్బల ఫొటోలు అందులోనే పంపుకున్నాం. ప్రింటు తీయాలి. మండల కేంద్రంలో ఒక జిరాక్సు షాపులో కంప్యూటర్ మీద నా వాట్సాప్ తెరిచాను. ప్రింటు వస్తుండగా నా ఫోన్ టింగుమంది. వేరే గ్రూపులో గొడవ. ఏప్రిల్ 14 ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో ఎంత సైజులో ఉండాలని. నేను నిలబడి దానికి పెద్ద జవాబు కొట్టాను. కోపంతో చేతులు వణికాయి కూడా. ఆ కోపంలోనే కాగితాలు తీసుకుని, డబ్బులిచ్చి, పేజీ మూసి బయటపడ్డాను. లాగ్ అవుట్ చెయ్యలేదు.

పదకొండు రోజులు అది అట్లాగే ఉంది. ఈలోపల పోలీసులు వెళ్లకముందే అవతలి వాళ్లు సాక్షుల ఇళ్లకు వెళ్లారు. ఏ సాక్షి ఏం చెప్పబోతున్నాడో వాళ్లకు తెలుసు. ఒక సాక్షి, నేను ఆ రోజు ఊళ్లోనే లేను అన్నాడు. ఆ చెల్లెలు నన్ను అడిగింది: "అన్నా, నీకు చెప్పిన మాట వాళ్లకెట్లా తెలిసింది?"

స్టేషన్ నుంచి పోయిందేమోనమ్మా అన్నాను. అప్పటికే నాకు అనుమానం ఉంది. ముందు రోజే ఇంజినీర్ తమ్ముడు నా ఫోన్‌లో లింక్డ్ డివైసెస్ అనే చోటు తెరిచి చూపించాడు. నాకు తెలియని ఒక విండోస్ కంప్యూటర్ ఉంది అక్కడ. ఆ రోజు ఉదయం కూడా వాడినట్టు చూపిస్తోంది. మాట అక్కడి నుంచే బయటికి పోయిందని నేను రుజువు చెయ్యలేను. షాపు అతన్ని నిందించను కూడా, తలుపు తెరిచి వచ్చింది నేను. అయినా స్టేషన్ మీదికి నెట్టేసి చేతులు దులుపుకున్నాను. ఆదివారం విహార్‌లో నాలుగో శీలం చెప్పినవాణ్ణి, బుధవారం ఆ పని చేశాను.

చట్టంలో 15ఏ సెక్షన్ ఉంది. బాధితులను, సాక్షులను కాపాడాలని ప్రభుత్వం మీద బాధ్యత పెట్టింది. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. దాని గురించి నేను ఎన్ని మీటింగుల్లో మాట్లాడానో లెక్కలేదు. ప్రభుత్వం సంగతి తర్వాత, ఆ సాక్షులను నేనే కాపాడలేదు.

వారం తర్వాత ఆమె ఇంటికి వెళ్లి నిజం చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. మంచినీళ్లు ఇచ్చింది. కేసు ఒక్క సాక్షితో నడుస్తోంది. ఆ తర్వాత ఆమె నాకు మెసేజ్ పెట్టడం మానేసింది. ఏదైనా చెప్పాలంటే మనిషిని పంపుతుంది.

లాగ్ అవుట్ ఎందుకు మర్చిపోయాను అని చాలా రోజులు ఆలోచించాను. మతిమరుపు అని సరిపెట్టుకోలేను. ఆ క్షణంలో నేను జిరాక్సు షాపులో లేను. ఫ్లెక్సీ గొడవలో ఉన్నాను. ఒళ్లు ఒకచోట, మనసు ఒకచోట.

సంయుత్త నికాయంలో బుద్ధుడు చెప్పిన ఒక ఉపమానం ఉంది. ఒకతను ఆరు జంతువులను పట్టి, ఒక్కోదానికి ఒక గట్టి తాడు కట్టి, ఆ తాళ్లన్నీ మధ్యలో కలిపి ముడేసి వదిలాడు. పాము పుట్ట వైపు లాగుతుంది. మొసలి నీళ్ల వైపు, పక్షి ఆకాశం వైపు, కుక్క ఊరి వైపు, నక్క శ్మశానం వైపు, కోతి అడవి వైపు. చివరికి ఏది బలమైనదైతే మిగిలినవి దాని వెంట ఈడ్చుకుపోతాయి. కన్ను, చెవి, ముక్కు, నాలుక, ఒళ్లు, మనసు, ఈ ఆరూ అట్లాంటివే అన్నాడు. అదే తాళ్లను ఒక గట్టి గుంజకు కడితే? అప్పుడూ లాగుతాయి. లాగి లాగి అలిసిపోయి ఆ గుంజ పక్కనే నిలబడతాయి, కూర్చుంటాయి, పడుకుంటాయి. ఆ గుంజ పేరు కాయగతాసతి. ఒంటి మీద నిలిపిన ఎరుక.

పల్లెలో పశువుల్ని కట్టిన మనకు ఈ మాట వివరించక్కర్లేదు. బుద్ధుడు జంతువుల్ని చంపమనలేదు. తాళ్లు తెంచి అడవికి పొమ్మనలేదు. గుంజ పాతమన్నాడు. నేను చేసింది దానికి పూర్తిగా తలకిందులు. ఆరు తాళ్లు చాలవన్నట్టు ఇంకో నాలుగు కట్టుకున్నాను, గుంజ మాత్రం లేదు. పైగా దానికే అప్రమత్తత అని పేరు పెట్టుకున్నాను. ఎప్పుడూ ఆన్‌లైన్‌లో ఉన్నాను కాబట్టి ఎప్పుడూ మేలుకొని ఉన్నాననుకున్నాను. బుద్ధుడు చివరిగా చెప్పిన మాటలో ఉన్నది అప్పమాదమే. ఆయన చెప్పిన మెలకువకు టింగుమనే శబ్దం అవసరం లేదు.

ఆ శబ్దం వచ్చినప్పుడు లోపల ఏం జరుగుతుందో ఒక్కసారి చూసుకోండి. చెవికి శబ్దం తగిలింది, అది స్పర్శ. వెంటనే ఒంట్లో ఏదో కదులుతుంది. కొంచెం హాయిగానో, కొంచెం బెదురుగానో, లేక ఏదీ తెలియని మొద్దుగానో. అది వేదన. చూడాలి, ఇప్పుడే చూడాలి అన్న లాగుడు తృష్ణ. చేతిలోంచి ఫోన్ వదలలేకపోవడం ఉపాదానం. పటిచ్చసముప్పాదంలోని ఈ నాలుగు లంకెలు పుస్తకంలో చదివినప్పుడు నాకు బరువుగా అనిపించేవి. ఫోన్ దగ్గర అవి రెండు క్షణాల్లో జరిగిపోతాయి, రోజుకు వంద సార్లు. వేదనకూ తృష్ణకూ మధ్య ఒక సందు ఉంది. మన సాధన అంతా ఆ సందులోనే. చెయ్యి చాచినా, ముడిచినా తెలిసి చెయ్యాలని సతిపట్ఠాన సుత్తంలో ఉంది కదా, ఆ చెయ్యి ఫోన్ వైపు పోయే చెయ్యి కూడా. పోతోందని తెలిస్తే చాలు, ఆపాలని పట్టుదల అక్కర్లేదు. తెలిసిన చెయ్యి చాలాసార్లు దానంతటదే ఆగుతుంది. ఆగకపోతే తెలిసే తెరుస్తాం.

నేను ఇప్పుడేం చేస్తున్నానో చెబుతాను. ట్యాబ్, ల్యాప్‌టాప్ రెండింటిలోనూ తీసేశాను. ఆఫీసు కంప్యూటర్‌లో పని ఉన్నప్పుడు తెరుస్తాను, లేచేటప్పుడు లాగ్ అవుట్ చేస్తాను. బయటి కంప్యూటర్‌లో అసలు తెరవను, ప్రింటు కావాలంటే పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్తాను. కేసుల కాగితాలు గ్రూపులో పెట్టడం మానేశాం. సాక్షి పేరు నోటితో చెప్పుకుంటాం. గ్రూపులన్నీ మ్యూట్. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి కూర్చుని చూస్తాను. అర్ధరాత్రి కబురు ఎట్లా అందుతుంది? ఫోన్ చెయ్యమని అందరికీ చెప్పాను. ఫోన్‌లో డు నాట్ డిస్టర్బ్ పెట్టినా మనం ఎంచుకున్న నంబర్ల కాల్ మాత్రం మోగేట్టు చేసుకోవచ్చు. ఇల్లు తగలబడుతుంటే ఎవరూ మెసేజ్ పెట్టి నీలి టిక్కుల కోసం ఎదురుచూడరు, కాల్ చేస్తారు. ఈ మాట నాకు అంతకుముందు తట్టనే లేదు.

అతికి పోవద్దు. మన కుర్రాడు ఒకతను ఈ సంగతులు విని మొత్తం వాట్సాపే తీసేశాడు. మూడు వారాలకు రెండు మీటింగులు, ఒక ఇంటర్వ్యూ కబురు పోగొట్టుకుని, మళ్లీ వేసుకుని, ఇప్పుడు రాత్రి రెండింటి దాకా చూస్తున్నాడు. సోణుడి కథ తెలుసు కదా. నడిచి నడిచి అరికాళ్లు నెత్తురోడేలా సాధన చేసి, ఫలితం రాలేదని ఇంటికి పోదామనుకున్నాడు. సంసారంలో ఉన్నప్పుడు వీణ వాయించేవాడు. తీగ మరీ బిగిస్తే పలికేదా, మరీ వదులైతే పలికేదా అని బుద్ధుడు అతన్నే అడిగాడు. ఎవరి తీగ వాళ్లు చూసుకోవాలి. ఆశా వర్కర్ అక్కకు, ఆటో తమ్ముడికి, పరీక్షలు రాసే పిల్లకు ఒకే టైము పట్టిక కుదరదు.

గ్రూపులో మాట్లాడే మాట గురించి ఇంకో పాఠంలో రాస్తాను, అది పెద్ద విషయం. ఇప్పటికి ఒక్కటి. భిక్షువులు కూడినప్పుడు రెండే పనులు చేయాలన్నాడు బుద్ధుడు. ధమ్మం గురించి మాట్లాడటం, లేదా ఆర్య మౌనం. మన గ్రూపులకు బాబాసాహెబ్ ఫొటో డీపీగా ఉంటుంది. ఆయన లండన్‌లో చదువుకునే రోజుల్లో బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీలో గంటల తరబడి తల ఎత్తకుండా కూర్చునేవారు. ఆ డీపీ కింద నూట నలభై గుడ్ మార్నింగులు. ఆయన రాసిన బుద్ధుడి పుస్తకం ఇంట్లో ఉంది. పది పేజీలు ఆగకుండా చదివి ఎన్నాళ్లయింది? నన్ను అడిగితే నేను తల దించుకోవాలి.

మా ఇంట్లో పౌర్ణమి రోజు సాయంత్రం ఆరు నుంచి మర్నాడు పొద్దుటి దాకా చాట్ తెరవం. అష్టశీలం పూర్తిగా పాటించలేకపోయినా ఇంత మటుకు చేద్దామని మా ఆవిడ పెట్టిన నియమం. మొదటి పౌర్ణమికి నేను తొమ్మిదింటికల్లా బాత్‌రూములోకి వెళ్లి చూశాను. పాప పట్టేసుకుంది. రెండో పౌర్ణమికి పదకొండు దాకా ఆగాను.

వచ్చే ఆదివారం విహార్‌కి వచ్చేటప్పుడు అందరూ ఫోన్లు తీసుకురండి. వందన అయ్యాక కూర్చుని, వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్, టెలిగ్రామ్‌లో డివైసెస్ తెరిచి, ఎవరి చాట్ ఎక్కడెక్కడ వెలుగుతోందో చూద్దాం. తెలియని కంప్యూటర్ కనిపిస్తే ఎలా తీసెయ్యాలో ఇంజినీర్ తమ్ముడు చూపిస్తాడు. ఫోన్ చూడటం రానివాళ్లు మొహమాటపడొద్దు, పిల్లల్ని వెంటబెట్టుకుని రండి. ఆ పెద్దమ్మను నా పక్కనే కూర్చోమని చెప్పాను.