ఎకరం నాటేముందు సెంటులో నాటండి, పది కిలోలు ఉడికించి చూడండి
నిమ్మగడ్డి నూనె పరీక్షకు ఇంటి దగ్గరే చిన్న కరెంటు బాయిలర్

నిమ్మగడ్డి పిలకలు అమ్మేవాళ్ళు ఊళ్ళోకి వచ్చి లెక్క చెబుతుంటారు. ఎకరాకు ఇన్ని టన్నుల గడ్డి, టన్నుకు ఇన్ని కిలోల నూనె, కిలోకు ఇంత ధర. కాగితం మీద లెక్క ఎప్పుడూ బాగానే ఉంటుంది. మీ నేలలో, మీ నీటితో పెరిగిన గడ్డిలో నూనె ఎంత ఉంటుందో మాత్రం ఆ కాగితంలో ఉండదు. అది తెలియాలంటే గడ్డిని ఆవిరి పట్టి నూనె దించి తూచాల్సిందే. ఉన్న ఎకరం, ఎకరంన్నరలో వేరుశనగో కందో తీసేసి ఐదేళ్ళుండే పంట పెట్టబోతున్నారు కాబట్టి ముందు ఈ పరీక్ష చేసుకోండి.

అడుగుల ఎడం మరీ పట్టించుకోకుండా ఒక్క సెంటులో నాటినా నూటయాభై మొక్కలు పడతాయి. నాలుగైదు నెలలకు మొదటి కోత వస్తుంది. పరీక్షకు పది కిలోల గడ్డి చాలు. ఆ పది కిలోల్ని ఉడికించే సాధనం ఎలా కట్టుకోవాలో ఈ వారం చెప్పుకుందాం. కట్టెల పొయ్యి మీద కూడా చేయొచ్చు. కాకపోతే కట్టెల మంట ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. మొదటిసారి చేసేవాళ్ళకు ఆవిరి ఒకే తీరున రావాలంటే కరెంటే మేలు.

ఒక మాట ముందే చెప్పాలి. క్యాను, గొట్టం, నీళ్ళ డ్రమ్ము కలిపి చూస్తే ఇది అచ్చం నాటుసారా బట్టీలాగే ఉంటుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరాటంతో 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధమైంది. సారా కాస్తే ఇప్పటికీ కేసే. మీరు కాచేది గడ్డి నూనె. కాబట్టి పెరట్లో చాటుగా కాకుండా వాకిట్లో, నలుగురూ చూసేలా పెట్టుకోండి. ఊరి పెద్దలకు ఓ మాట చెప్పి ఉంచితే ఇంకా మంచిది.

బాయిలర్ కట్టడం

40 లీటర్ల స్టీలు పాల క్యాను ఒకటి తీసుకోండి. అల్యూమినియం క్యాను వద్దు, దానికి వెల్డింగ్ సరిగ్గా నిలవదు. పాత ఇనప డ్రమ్ము అసలే వద్దు. తుప్పు గొట్టాలగుండా పోయి నూనె రంగు మార్చేస్తుంది. పురుగుమందుల డ్రమ్ముల సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు.

క్యాను అడుగునుంచి మూడు వేళ్ళ ఎత్తున పక్కకి రంధ్రం కొట్టించి, అంగుళంపావు స్టీలు సాకెట్టు ఆర్గాన్ వెల్డింగ్ చేయించండి. మామూలు వెల్డింగ్ చేస్తే నాలుగు రోజులకే చెమ్మ ఊరుతుంది. ఆ సాకెట్టులో మర తిప్పి బిగించే 2 కిలోవాట్ల వాటర్ హీటర్ ఎలిమెంటు పెట్టాలి. కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూసుకోండి. వాషరు వేసి బిగించి, నీళ్ళు పోసి ఒక రాత్రంతా వదిలేయండి. తెల్లారి కింద తడి లేకపోతేనే కరెంటు మాట.

క్యాను మూతకు రెండు గొట్టాలు కావాలి. ఒకటి ముప్పావు అంగుళం స్టీలు గొట్టం, ఆవిరి బయటికి పోవడానికి. రెండోది కొంచెం జాగ్రత్తగా వినండి, మొత్తం భద్రతంతా దీనిలోనే ఉంది. అర అంగుళం గొట్టం ఒకటి మూతలోంచి కిందికి దిగి, ఎలిమెంటుకు రెండు వేళ్ళ పైన ఆగాలి. పైకి మూత మీదనుంచి ఒక మీటరు ఎత్తు నిలబడాలి. దాని పైకొస బిగించకూడదు. తెరిచే ఉండాలి. కొసను మాత్రం వంచి, మనుషులు తిరగని వైపు కింద పెట్టిన బకెట్లోకి చూసేలా పెట్టండి. దీన్ని ఊపిరి గొట్టం అనుకోండి.

ఇది మూడు పనులు చేస్తుంది. ఆవిరి దారి ఎక్కడైనా మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, వేడినీళ్ళు ఈ గొట్టంలోకెక్కి బకెట్లో పడతాయి. అంతే గానీ క్యాను పగలదు. మీటరు ఎత్తు నీళ్ళ ఒత్తిడి అంటే సెంటీమీటరు చదరానికి వంద గ్రాములు మాత్రమే. ఇక నీళ్ళు తగ్గిపోతే గొట్టం కింది కొస బయటపడి, పై కొసనుంచి ఆవిరి బుస్సుమని వస్తుంది. వెంటనే స్విచ్ తీసేయమని అర్థం. మూడోది, కరెంటు పోయి క్యాను చల్లబడుతున్నప్పుడు లోపల ఖాళీ ఏర్పడుతుంది. అప్పుడు గాలి ఈ గొట్టంలోంచి దూరుతుంది, క్యాను లోపలికి నొక్కుకుపోదు.

ఆవిరి దారిలో ఎక్కడా కుళాయి గానీ వాల్వు గానీ పెట్టకండి. ఎవరో చెప్పారని "కంట్రోలు" కోసం పెడతారు. అదే ప్రాణం మీదికి తెస్తుంది. మూతల చుట్టూ సందుల్లో గోధుమపిండి ముద్ద పట్టించండి. ఆవిరికి అది గట్టిపడి పట్టుకుంటుంది, ఒత్తిడి మరీ ఎక్కువైతే అదే ఊడి దారిస్తుంది. సిమెంటు పట్టీలు, జిగురు పదార్థాలు వద్దు.

కరెంటు సంగతి

2 కిలోవాట్ల ఎలిమెంటు దాదాపు 9 యాంపులు లాగుతుంది. ఫ్యాను ప్లగ్గులో పెడితే ప్లగ్గు కరుగుతుంది. 16 యాంపుల పవర్ సాకెట్టు, దానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 యాంపుల ఎంసీబీ ఉండాలి. వీటితో పాటు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఒకటి తప్పకుండా వేయించండి. ఎంసీబీ వైరును కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. రెండూ ఒకటేననుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు.

క్యానుకు బోల్టు వేసి ఎర్తు వైరు కలపాలి. ఇక్కడ నా అనుభవం ఒకటి. మా ఇంట్లో మూడు రంధ్రాల సాకెట్టు ఉంది కదా, ఎర్తు ఉన్నట్టేలే అనుకున్నాను. ఎలక్ట్రీషియన్ విప్పి చూస్తే ఆ మూడో రంధ్రం వెనక వైరే లేదు. ఇల్లు కట్టినప్పటినుంచీ అంతేనట. నీళ్ళు, స్టీలు, కరెంటు మూడూ ఒకచోట చేరే పని ఇది. మీ సాకెట్టు వెనక ఏముందో విప్పించి చూడండి, ఎర్తు గుంట ఎండిపోయిందేమో కూడా చూడండి.

అదే బాయిలర్‌తో ఇంకో తప్పు కూడా చేశాను. నీళ్ళు పోశానో లేదో చూడకుండా స్విచ్ వేశాను. రెండు నిమిషాల్లో ఎలిమెంటు ఎర్రగా కాలి పగిలింది. ఆర్‌సీసీబీ పడిపోయింది కాబట్టి సరిపోయింది. అప్పటినుంచి మా ఇంట్లో నియమం ఒకటే: ముందు నీళ్ళు, తర్వాత మూత, ఆఖరున ప్లగ్గు. తీసేటప్పుడు ముందు ప్లగ్గు. స్విచ్ తీస్తే చాలదు, ప్లగ్గు ఊడదీసి చేతిలో పట్టుకున్నాకే మూత మీద చెయ్యి వేయాలి.

బోరు మోటారు సర్వీసునుంచి వైరు లాక్కుందామనుకోవద్దు. వ్యవసాయానికిచ్చిన కరెంటు వేరే పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అపరాధ బిల్లు వేస్తారు.

గడ్డి, గొట్టం, కెటిల్

రెండో పాత్ర గడ్డి కోసం. వెడల్పు మూత ఉన్న 60 లీటర్ల స్టీలు డ్రమ్ము. అడుగునుంచి బెత్తెడు ఎత్తున రంధ్రాల పళ్ళెం పెట్టి, బాయిలర్‌నుంచి వచ్చే గొట్టం పళ్ళెం కిందికి చేరేలా చేయండి. పైమూతనుంచి ఇంకో గొట్టం 200 లీటర్ల నీళ్ళ డ్రమ్ములోని చుట్టకు వెళుతుంది. చుట్టకు అర అంగుళం గొట్టం ఐదు మీటర్లు. స్టీలుదైతే మంచిది, పరీక్షకు రాగిదైనా సరిపోతుంది. చుట్ట మొదటినుంచి చివరిదాకా వాలుగానే దిగాలి. మధ్యలో పల్లం ఉంటే నీళ్ళు నిలిచి ఆవిరికి అడ్డుపడతాయి. రెండు గంటల్లో డ్రమ్ములో నీళ్ళు పదిహేను డిగ్రీల దాకా వేడెక్కుతాయి. పైన వేడినీళ్ళు తోడేసి కింద చల్లవి పోస్తుంటే మంచిది.

చుట్ట కొసన కారే నీళ్ళలో నూనె కలిసి ఉంటుంది. నిమ్మగడ్డి నూనె నీటికంటే తేలిక, పైకి తేలుతుంది. వేరు చేయడానికి ప్రత్యేక పాత్రలు అమ్ముతారు గానీ, ముక్కు అడుగునుంచి మొదలయ్యే స్టీలు టీ కెటిల్ ఉంటే చాలు. నీళ్ళు అడుగునుంచి ముక్కులోకెక్కి బయట పడిపోతుంటాయి, నూనె లోపలే నిలుస్తుంది. ప్లాస్టిక్ డబ్బాలు వాడొద్దు, ఈ నూనె వాటిని కొరుకుతుంది. చుట్ట కొస మాత్రం కెటిల్లోని నీళ్ళలో మునగకూడదు.

ఉడికించే రోజు

గడ్డి కోసిన వెంటనే 10 కిలోలు తూచి కాగితం మీద రాసుకోండి. తర్వాత ఒక రోజు నీడలో వాడబెట్టి మళ్ళీ తూచండి. ఈ రెండు తూకాల దగ్గరే చాలామంది మోసపోతున్నారు. వాడిన గడ్డి మీద నూనె శాతం కట్టి చెబితే ఎక్కువగా కనపడుతుంది. మీరు కోసేది పచ్చిగడ్డి, కాబట్టి లెక్క పచ్చి తూకం మీదే కట్టాలి.

వాడిన గడ్డిని జానెడు ముక్కలుగా కోసి, సందుల్లేకుండా, మరీ తొక్కకుండా డ్రమ్ములో నింపండి. ఒకవైపు వదులుంటే ఆవిరి ఆ దారినే పోతుంది, మిగతా గడ్డి ఉడకదు. బాయిలర్లో 20 లీటర్ల నీళ్ళు పోసి ఎలిమెంటు వేయండి. మరగడానికి గంట పడుతుంది. అది 230 వోల్టులుంటే. సాయంత్రం పూట వోల్టేజీ 180కి పడిపోతే మీ 2 కిలోవాట్ల ఎలిమెంటు నిజానికి కిలోవాటు పైచిలుకు పనే చేస్తుంది, ఇంకో అరగంటకు పైగా ఆగాలి. అందుకే గడియారం కంటే మీటరు రీడింగు నమ్మండి. మొదలుపెట్టేముందు ఒకసారి, దించాక ఒకసారి రాసుకోండి. రెండు పాత్రలకూ గోనెసంచులు చుడితే వేడి నిలుస్తుంది. ఎలిమెంటు తలకట్టు దగ్గర మాత్రం చుట్టకండి.

మొదటి చుక్క పడ్డాక రెండు గంటలు చాలు. గంటకు రెండున్నర లీటర్ల దాకా నీళ్ళు కారతాయి. కొస దగ్గర వేడి ఆవిరి వస్తూ ఘాటుగా వాసన కొడుతుంటే చుట్ట సరిగ్గా చల్లబడడం లేదు, నూనె గాలిలో పోతోందన్నమాట. పిల్లల్ని ఆ చుట్టుపక్కలకు రానీయొద్దు, మీరు లేచి పక్కకు పోవద్దు.

చివరికి కెటిల్లో పైన తేలిన లేతపసుపు నూనెను సిరంజితో లాగి చిన్న గాజుసీసాలో పోసి, నగల తూకం లాంటి సన్నపు తూకం మీద తూచండి. 10 కిలోల పచ్చిగడ్డికి 50 గ్రాములు వస్తే అర శాతం. 30 గ్రాములే వస్తే ఎకరం మాట ఇంకోసారి ఆలోచించండి. ఒక్కసారి చూసి తేల్చొద్దు. వానల్లో, మబ్బు పట్టిన రోజుల్లో నూనె తగ్గుతుంది, ఎండాకాలం కోతలో పెరుగుతుంది. సెంటు చేలో ఒక కోతకే మూడు నాలుగు దఫాల పరీక్షకు సరిపడా గడ్డి వస్తుంది.

నూనె ఎంత వచ్చిందన్నది సగమే. ధర కట్టేది అందులోని సిట్రాల్‌నుబట్టి. మంచి నూనెలో అది 75 శాతానికి తగ్గదు. ఇంట్లో తేలే విషయం కాదిది, గ్యాస్ క్రొమటోగ్రఫీ పరీక్ష కావాలి. సుగంధ మొక్కల మీద పనిచేసే కేంద్ర సంస్థ సీమ్యాప్‌కు హైదరాబాదు బోడుప్పల్‌లో పరిశోధనా కేంద్రం ఉంది. కృష్ణ, ప్రగతి, కావేరి వంటి నిమ్మగడ్డి రకాలు ఆ సంస్థవే. పిలకలు ఏ రకమో అడగండి. పేరు చెప్పలేనివాడి దగ్గర కొనకండి.

ఇదే బాయిలర్‌తో పంటంతా ఇంట్లోనే దించుదామా? కుదరదు. ఒక దఫాకు ఆరు, ఆరున్నర యూనిట్లు కాలుతుంది. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే నలభై రూపాయలు. వచ్చే 50 గ్రాముల నూనె, కిలో వెయ్యి రూపాయల లెక్కన, యాభై రూపాయలు. ఎకరానికి ఒక కోతలో 4 టన్నుల గడ్డి వచ్చిందనుకోండి, అది 400 దఫాలు. రాత్రింబవళ్ళు నడిపినా రెండు నెలలు దాటుతుంది, ఈలోగా తర్వాతి కోత వచ్చేస్తుంది. పంట దించడానికి అర టన్ను, టన్ను గడ్డి పట్టే పొయ్యి యూనిట్టే కావాలి. దానికి ఉడికిన పిప్పినే ఎండబెట్టి కాలుస్తారు. అలాంటి యూనిట్టు మీకు దగ్గర్లో ఉందా, అద్దె ఎంత తీసుకుంటారు, కోత రోజుల్లో మీ వంతు ఎప్పుడొస్తుంది అన్నది నాటకముందే కనుక్కోవాలి. కోసిన గడ్డి కుప్పలో రెండు మూడు రోజులు వేడెక్కితే నూనె పోయినట్టే.

ఈ చిన్న బాయిలర్ మాత్రం ఒక్కరే కొనక్కర్లేదు. నాటాలనుకుంటున్న ఐదారుగురు కలిసి ఒకటి కట్టించుకుంటే, ఒక్కొక్కరి చేను గడ్డి వరసగా చూసుకోవచ్చు. పామారోజా గడ్డికీ ఇదే పనికొస్తుంది. వట్టివేళ్ళకు మాత్రం ప్రయత్నించకండి. ఆ నూనె దిగడానికి పద్నాలుగు గంటలకు పైగా పడుతుంది, పైగా దాని బరువు ఇంచుమించు నీటి బరువే కాబట్టి కెటిల్లో సరిగ్గా తేలదు.

బోరునీళ్ళు ఉప్పగా ఉండే ఊళ్ళలో ఐదారు దఫాలకే ఎలిమెంటు మీద తెల్లటి పెచ్చు కడుతుంది. దాని కింద ఎలిమెంటు అతిగా వేడెక్కి కాలిపోతుంది. చింతపండు పులుసు నీళ్ళు ఎలిమెంటు మునిగేదాకా పోసి, ప్లగ్గు పెట్టకుండానే ఒక రాత్రి ఉంచి, తెల్లారి కొబ్బరిపీచుతో తోమితే వదులుతుంది. వీలుంటే వాననీళ్ళే పట్టి వాడుకోండి.