యూజ్డ్ టు: మన "చేసేవాళ్ళం", మన "అలవాటు"



మన హాస్టల్లో చదివి, మా ఇళ్ళల్లో మొదటి డిగ్రీ తెచ్చుకుని, ఇప్పుడు పీజీలో ఉన్న మాకు ఇంటర్వ్యూలకు తయారయ్యే మనవాళ్ళ నోట తరచూ ఒక వాక్యం వినపడుతోంది. "ఐ యూజ్డ్ టు గెటప్ ఎట్ ఫైవ్." చెప్పేవాడి ఉద్దేశం రోజూ 5 గంటలకు లేస్తానని. వినేవారికి అర్థమయ్యేది మాత్రం "ఒకప్పుడు లేచేవాణ్ణి, ఇప్పుడు లేవడం లేదు" అని! "ఐ యూజ్డ్ టు హెల్ప్ మై ఫాదర్ ఇన్ ద ఫీల్డ్" అన్నా అంతే. నాన్నకు పొలంలో సాయం చేయడం మానేశామని మన నోటితో మనమే చెప్పినట్టు. ఉన్న మంచి అలవాటు కాస్తా ఒక్క మాటతో పోతోంది. ఇప్పటికీ చేస్తున్న పనికి మామూలు ప్రెజెంట్ టెన్స్ చాలు: "ఐ గెటప్ ఎట్ ఫైవ్."

నిజానికి ఈ మాట మనకు కష్టం కాకూడదు. తెలుగులో దానికి సరిపోయే రూపం ఉండనే ఉంది. "వుయ్ యూజ్డ్ టు వాక్ టు స్కూల్" అంటే బడికి నడిచి వెళ్ళేవాళ్ళం. "దేర్ యూజ్డ్ టు బి ఎ వెల్ హియర్" అంటే ఇక్కడ బావి ఉండేది. ముందు తెలుగులో అనుకోండి. "వెళ్ళేవాళ్ళం", "ఉండేది" అని వస్తే యూజ్డ్ టు వేయండి. "వెళ్తాం", "ఉంది" అని వస్తే వేయకండి. ఎన్నేళ్ళు అని లెక్క చెప్పేటప్పుడు కూడా వద్దు. "హాస్టల్లో 7 ఏళ్ళు ఉన్నాం" అంటాం కదా, అక్కడ "వుయ్ లివ్డ్ ఇన్ ద హాస్టల్ ఫర్ సెవెన్ ఇయర్స్" అనాలి.

డిడ్ వచ్చినప్పుడు రాతలో చివరి డి పోతుంది: "వుయ్ డిడ్ నాట్ యూజ్ టు ఈట్ ఎగ్స్." పలకడంలో పెద్ద తేడా ఉండదు. పలకడం అంటే గుర్తొచ్చింది, ఈ మాటను "యూస్ట్ టు" అని స శబ్దంతో పలకాలి. జ శబ్దం "ఉపయోగించారు" అనే అర్థంలోనే. "ఎ నైఫ్ ఈజ్ యూజ్డ్ టు కట్ వెజిటబుల్స్" అన్నప్పుడు కత్తిని వాడతారని అర్థం, అలవాటుతో పని లేదు.

ఇక రెండో వాడకం. ముందు యామ్, ఈజ్, ఆర్ చేరితే అర్థం "అలవాటే" అని మారుతుంది. తర్వాత నామవాచకమో, ఇంగ్ రూపమో రావాలి. "వుయ్ ఆర్ యూజ్డ్ టు స్లీపింగ్ ఆన్ ద ఫ్లోర్." నేల మీద పడుకోవడం మనకు అలవాటే. "స్లీప్" అని ఊరుకుంటే తప్పు. ఉపయోగానికీ అలవాటుకూ ఒకే మాట ఏమిటని ఆశ్చర్యపోవద్దు. మనకూ "వాడు" అంటే ఉపయోగించు, "వాడుక" అంటే అలవాటు కూడా. గిడుగు రామమూర్తి పంతులు గారు పోరాడిన వాడుక భాషలో ఉన్న వాడుక అదే. ఇంగ్లీషు "యూస్"కూ పూర్వం ఆచారం అనే అర్థం ఉండేది.

మూడోది "గెట్ యూజ్డ్ టు", అంటే అలవాటు పడడం. మనకు బాగా పనికొచ్చేది ఇదే. ఇంటర్వ్యూలో మాట తడబడితే చాలామంది "ఐ డోంట్ నో ఇంగ్లీష్" అనేస్తారు. అది నిజం కాదు. పదేళ్ళు చదివిన భాష రాకుండా ఎలా పోతుంది? మాట్లాడే అలవాటు లేదు, అంతే. ఆ మాటే చెప్పవచ్చు: "ఐ యామ్ నాట్ యూజ్డ్ టు స్పీకింగ్ ఇంగ్లీష్, బట్ ఐ యామ్ గెటింగ్ యూజ్డ్ టు ఇట్." ఇందులో అబద్ధమూ లేదు, నామోషీ లేదు. వాక్యంలో తప్పు కూడా లేదు!

ఈ మూడింటినీ ఇంగ్లీషులో రాయండి. అమ్మ కూలికి వెళ్ళేది. చన్నీళ్ళ స్నానం మాకు అలవాటే. కొత్త పిల్లలు హాస్టల్ భోజనానికి అలవాటు పడుతున్నారు. సెలవులకు మేము వచ్చినప్పుడు నోట్‌బుక్ చూపించండి.