సరిహద్దు దాటు మూడు చక్రముల బండి

మన చిల్లకల్లు టోల్‌గేటు కడ కొంతసేపు నిలిచి చూచినవారికి ఒక సంగతి బోధపడును. కార్లు, బస్సులు, లారీలు రుసుము చెల్లించి పోవుచుండగా, ఆటోలును మోటారుసైకిళ్లును ఏమియు చెల్లింపకయే సాగిపోవును. జాతీయ రహదారుల రుసుము నిబంధనలు రెండు, మూడు చక్రముల బండ్లకు ఈ మినహాయింపు నిచ్చినవి. దీనిని జూచి కొందరు, “గేటు కడనే అడుగనప్పుడు ఇక మనల నడుగువా రెవరు? కోదాడ దాక నిశ్చింతగా పోవచ్చును” అని తలంతురు. ఈ తలంపు సరియైనది కాదు. రుసుము లేకుండుట వేరు, అనుమతి కలిగియుండుట వేరు. ఈ భేదమును విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును విశదపఱచుటయే మా యుద్దేశము.

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములవారికి సరిహద్దు క్రొత్తది కాదు. నైజాము పాలన యున్నంతకాలము గరికపాటికి ఆవలి నేల పరరాజ్యమే. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా ఆ గీత చెరిగెను. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణ రాష్ట్రము ఏర్పడగా మరల వచ్చెను. నేడు ఈవల ఎన్.టి.ఆర్. జిల్లా, ఆవల సూర్యాపేట జిల్లా. అయినను చుట్టరికములును, సంతలును, మిరపకోతలును ఆ గీత నెఱుగవు. కూలివారిని చేలకును, చుట్టములను పెండ్లిండ్లకును ఎక్కించుకొని ఆటోలు ఇటునటు తిరుగుచునే యున్నవి. కావున మూడు ప్రశ్నలు వేసికొందము: సరిహద్దు దాటునపుడు నడుపువాని కేమి కావలెను? బండి కేమి కావలెను? తల కేమి కావలెను?

మొదటిది లైసెన్సు. ఇది మనిషికి చెందినది. 1989 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న 1988 సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 13వ సెక్షను ప్రకారము, ఒక రాష్ట్రమున ఇచ్చిన లైసెన్సు భారతదేశమంతటను చెల్లును. విజయవాడలో పుచ్చుకొన్న లైసెన్సునకు కోదాడలో మరియొక ముద్ర అక్కఱలేదు. ఆటో తేలికపాటి మోటారు వాహనముల తరగతిలోనిది. అట్టి లైసెన్సు గలవాడు 7,500 కిలోగ్రాములకు మించని రవాణా బండిని వేరు అనుమతి లేకయే నడుపవచ్చునని 2024 నవంబరు 6వ తేదీన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము తీర్పు చెప్పెను. ఈ-రిక్షాలకు మాత్రము ప్రత్యేక నియమములు నిలిచియే యున్నవి. బాడుగకు తిరుగు బండిని నడుపువానికి 20 ఏండ్లు నిండియుండవలెను.

విద్యార్థులారా, ఈ మాట మీకొఱకే. సెలవులలో తండ్రి ఆటోను “ఒక్క వీధివఱకే” నడిపెదమని మారాము చేయు బాలు రున్నారు. 18 ఏండ్లు నిండనివాడు బండి నడిపి నేరము చేసినచో, 199ఏ సెక్షను ప్రకారము శిక్ష తండ్రికి గాని యజమానికి గాని తగులును: మూడేండ్లవఱకు జైలు, 25,000 రూపాయల జుల్మానా. బండి రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దగును. ఆ బాలునికి 25 ఏండ్లు వచ్చువఱకు లైసెన్సు దొరకదు.

రెండవది పర్మిట్టు. ఇది మనిషికి గాక బండికి చెందినది. లైసెన్సువలె దేశమంతట చెల్లునది కాదు. 88వ సెక్షను ప్రకారము ఒక రాష్ట్రపు పర్మిట్టు మరియొక రాష్ట్రమున చెల్లవలెనన్న, అచ్చటి రవాణా అధికారులు దానిపై ప్రతిసంతకము చేయవలెను. లేనిచో తాత్కాలికమైన పర్మిట్టు పొందవలెను. 2014 జూన్ 2వ తేదీకి ముందే ఆవలి ప్రాంతమున చెల్లుచుండిన పర్మిట్లను రాష్ట్ర పునర్విభజన చట్టము కాపాడెను గాని, తరువాత పుచ్చుకొన్న పర్మిట్లకు ఆ రక్షణ లేదు. మొత్తము బరువు 3,000 కిలోగ్రాములకు మించని సరకుల బండికి పర్మిట్టే అక్కఱలేదు. విద్యుత్తుతో నడుచు రవాణా బండ్లకును కేంద్రప్రభుత్వము 2018లో ఈ యవసరము తొలగించెను. కావున పెట్రోలు, డీజిలు, గ్యాసులతో నడుచు ప్రయాణికుల ఆటోకే ఈ చిక్కు ముఖ్యముగా కలదు.

పర్మిట్టు లేనిచో పదివేల జుల్మానాతో పోవునని కొందరు తలంతురు. అసలు ప్రమాదము వేఱొకటి. పర్మిట్టు లేని బండి వలన ఎవరికైన హాని కలిగినపుడు, బీమా కంపెనీ బాధితులకు ముందు సొమ్ము చెల్లించి, పిదప దానిని యజమానియొద్దనుండి రాబట్టుకొనవచ్చునని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పెను. అనుమతి లేక సరిహద్దు దాటిన ఆటోకును ఇట్టి వ్యాజ్యము తటస్థింపవచ్చును. అప్పుచేసి కొన్న ఒక్క ఆటోయే బ్రదుకుదెరువైన ఇంటిలో ఆ సొమ్మెవరు తేగలరు? ఇక సరకుల ఆటోలో కూలివారిని ఎక్కించుట మఱింత కీడు. సరకుల బండిలో ఊరక ఎక్కి ప్రయాణము చేయువారికి బీమా బాధ్యత వర్తింపదని సుప్రీంకోర్టు లోగడనే నిర్ణయించినది. మిరపకోతకు పోవు తల్లులు, అక్కలు ఈ సంగతి తప్పక తెలిసికొనవలెను.

మూడవది హెల్మెట్టు. 129వ సెక్షను మోటారుసైకిలుపై పోవువారిని గూర్చి చెప్పినదే గాని ఆటోవారిని గూర్చి చెప్పినది కాదు. కావున ఆటో నడుపువానికి హెల్మెట్టు విధి లేదు. అయితే చక్రములు మూడున్నంతమాత్రమున తప్పించుకొంటిమని తలపరాదు. ప్రక్కను తొట్టి తగిలించిన మోటారుసైకిలునకు చక్రములు మూడైనను, చట్టము దానిని రెండు చక్రముల బండిగనే యెంచును. 2019 సవరణ ప్రకారము నాలుగేండ్లు దాటిన ప్రతివారును, నడుపువారే గాక వెనుక కూర్చుండువారును, హెల్మెట్టు ధరింపవలెను. తలపాగా ధరించు సిక్కులకు మాత్రము మినహాయింపు కలదు. అంగవైకల్యము గలవారు ప్రక్కచక్రములు చేర్చుకొని నడుపు స్కూటరు విషయమునను హెల్మెట్టు మేలని మేము చెప్పుదుము. ఆటో నడుపువాడు తన ప్రక్కను మనిషిని ఇఱికించి కూర్చుండబెట్టుకొనుటయు ప్రమాదకరమే.

ఇతర దేశముల సంగతి కొంచెము చూతము. అమెరికాలో హెల్మెట్టు నియమము రాష్ట్రమునకొకటి. న్యూ హాంప్‌షైరులో పెద్దవారికి హెల్మెట్టు విధి లేదు. దాని పొరుగుననున్న మసాచుసెట్సులో మోటారుసైకిలుపై పోవు వారందఱికిని కలదు. కావున అచ్చట గీత దాటినంతనే తలపై హెల్మెట్టు పెట్టుకొనవలసి వచ్చును. మనకు ఆ చిక్కు లేదు. గరికపాటికి ఈవలను ఆవలను హెల్మెట్టు చట్టము ఒక్కటే, లైసెన్సు చెల్లుబాటు ఒక్కటే. మాఱునది పర్మిట్టు మాత్రమే. జనము మఱచునదియు అదియే.

కావున విద్యార్థులారా, మీ ఇంట ఆటో యున్నచో నేటి సాయంకాలమే పర్మిట్టు కాగితమును తీసి, అది ఏ ప్రాంతమునకు చెల్లునో, ఎందఱిని ఎక్కించుకొనవచ్చునో, గడువు ఎప్పటివఱకో మీ తండ్రికి చదివి వినిపింపుడు. చదువు రాని తండ్రి చేతిలో ఆ కాగితము ఏండ్లకొలది మడతలోనే యుండును. దానిని విప్పి చదివిన బిడ్డ ఆ యింటికి ఒక గొప్ప మేలు చేసినవాడగును.