చదువులో తడబాటు బద్ధకం కాదు

ప్రశ్న: మా బాబు నాలుగో తరగతి. కథ వింటే పొల్లుపోకుండా తిరిగి చెబుతాడు. చదవమంటే మాత్రం ఒత్తులు వదిలేస్తాడు, ‘ప’ను ‘ష’ అంటాడు. ఇది బద్ధకమా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఈ లక్షణాలు డిస్లెక్సియాను, అంటే తెలివితేటలకు లోటు లేకున్నా చదవడం, రాయడం కష్టమయ్యే స్థితిని సూచిస్తుండవచ్చు. అక్షరాన్ని దాని ధ్వనితో జోడించే పని ఈ పిల్లల మెదడులో నెమ్మదిగా సాగుతుంది కనుక, ఒత్తు మీద ఒత్తు చేరిన ‘రాష్ట్రం’ వంటి మాట వారికి మరింత శ్రమ కలిగిస్తుంది.

ముందుగా చూపు, వినికిడి పరీక్షించాలి. రోజూ కాసేపు మాటను ముక్కలుగా పలికిస్తూ, పళ్లెంలో పోసిన బియ్యంలో అక్షరాలు దిద్దిస్తూ, ఒత్తులను వేరే రంగులో రాసి చూపాలి. పాఠాలను పెద్దలు చదివి వినిపిస్తే విషయజ్ఞానం వెనకబడదు. ఇంపోజిషన్లు, తరగతి ముందు బలవంతంగా చదివించడం మానాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ ఇబ్బందిని గుర్తించినందున, ధ్రువపత్రం ఉంటే పరీక్షల్లో అదనపు సమయం కోరవచ్చు.

కొన్ని నెలల సాధనతోనూ మార్పు రాకున్నా, బడి పేరెత్తితేనే పిల్లవాడు ఏడుస్తున్నా, జాప్యం చేయక క్లినికల్ సైకాలజిస్టును గానీ, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రాన్ని గానీ సంప్రదించాలి.